సరందీబ్ కొండ మీది అడుగు

మా చిన్నప్పుడు రంజాన్ రాత్రుల్లో తరావీహ్ అయ్యాక నానీమా మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కిస్సాలు చెప్పేది. బాబా ఆదం కిస్సా అంటే మాకు ప్రాణం. జన్నత్ నుంచి దిగినప్పుడు ఆయన పాదం సరందీబ్ కొండ మీద పడిందట. అమ్మ హవ్వా జిద్దాలో దిగిందట. ఒకరినొకరు వెతుక్కుంటూ చివరికి అరఫాత్‌లో కలుసుకున్నారట. సరందీబ్ ఎక్కడుందని మేం అడగలేదు. నానీమా చెప్పిందంటే ఉన్నట్టే.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. బండ మీద పెద్ద పాదం గుర్తు. దాని కింద 'ఇదే దలీల్, అందరికీ పంపండి' అని రాసుంది.

"అబ్బా, ఇది నిజంగా ఆదం అలైహిస్సలాం అడుగేనా? మరి అక్కడ బౌద్ధులెందుకు మొక్కుతున్నారు?"

ఒకటి కాదు, రెండు సవాళ్లు. జవాబు కోసం తారీఖ్ పుస్తకాలు తెరవాల్సి వచ్చింది.

సరందీబ్ అంటే నేటి శ్రీలంక. అరబ్బులు ఆ దీవిని ఆ పేరుతో పిలిచేవారు. కొండ పేరు శ్రీపాద. ఎత్తు 2,243 మీటర్లు. శిఖరం మీద బండలో పాదం ఆకారంలో ఒక పెద్ద గుంట ఉంది. అది బుద్ధుడి పాదమని బౌద్ధులు నమ్ముతారు. ఆయన ఆ కొండ మీద అడుగు గుర్తు వదిలి వెళ్లాడని వాళ్ల 'మహావంశం' చెబుతుంది. హిందువులకు అది శివుడి పాదం. మనవాళ్లకు బాబా ఆదం ఖదమ్. తర్వాత వచ్చిన క్రైస్తవుల్లో కొందరు సెయింట్ థామస్ పేరు చెప్పారు. ఏటా డిసెంబర్ పున్నమి నుంచి మే నెల వైశాఖ పున్నమి దాకా జనం రాత్రంతా మెట్లెక్కి, తెల్లవారే వేళకు శిఖరం చేరతారు.

మన పుస్తకాల్లో ఈ కొండ ప్రస్తావన చాలా పాతది. సుమారు 851లో అరబ్ వర్తకుల కబుర్లతో తయారైన ఒక కితాబులోనే ఇది కనిపిస్తుంది. కానీ కొండెక్కి వచ్చి వివరంగా రాసిన ముసాఫిర్ అంటే ఇబ్న్ బతూతానే.

మొరాకోలోని తంజా అనే ఊళ్లో 1304లో పుట్టాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా చేశాడు, తర్వాత మాల్దీవుల్లోనూ ఖాజీ అయ్యాడు. 1344లో అక్కడి నుంచి బయల్దేరిన ఓడ దారి తప్పి సరందీబ్ తీరం చేరింది. సముద్రంలోంచి చూస్తే ఆ కొండ పొగ స్తంభంలా నిలబడి కనిపించిందని రాసుకున్నాడు.

తీరాన్ని ఏలే ఆర్యచక్రవర్తి హిందూ రాజు. ఆయనకు ఫార్సీ వచ్చు. వచ్చిన మెహమాన్‌కు ఇజ్జత్ ఇచ్చి, ఏం కావాలో అడగమన్నాడు. ఇబ్న్ బతూతా బంగారం అడగలేదు. ముత్యాలూ అడగలేదు. ఆదం అలైహిస్సలాం ఖదమ్ జియారత్ చేసుకోవాలన్నాడు. అంతే. రాజు పల్లకీ ఇచ్చాడు. దారి తెలిసిన నలుగురు యోగుల్ని, ముగ్గురు బ్రాహ్మణుల్ని, ఇంకో పదిమందిని తోడు పంపాడు. సామాను మోయడానికి పదిహేనుమందిని ఇచ్చాడు.

ఒక్కసారి ఆ ఖాఫిలాను ఊహించుకోండి. ముందు యోగులు, బ్రాహ్మణులు. వాళ్ల మధ్య మొరాకో ఖాజీసాబ్. పంపినవాడు హిందూ రాజు. వెళ్తున్నది బౌద్ధులు పవిత్రంగా చూసుకునే కొండకు.

కొండకు రెండు దారులున్నాయని ఆయన రాశాడు. ఒకటి బాబా దారి, రెండోది మామా దారి. ఈ మామా అంటే మన మామ కాదు, అమ్మ హవ్వా. మామా దారి సులువు, జనం దిగేటప్పుడు అటు వస్తారు. బాబా దారి కష్టం. ఆ దారిన ఎక్కితేనే జియారత్ చేసినట్టు లెక్క. నిట్టనిలువు బండల దగ్గర పట్టుకుని ఎక్కడానికి పది ఇనప గొలుసులు. పదో గొలుసు పేరు షహాదా గొలుసు. అక్కడికి చేరి కిందకి చూసినవాడికి గుండె జారి, పడిపోతానేమోనని కలిమా నోటికొస్తుంది, అందుకే ఆ పేరు. పైన పాదం గుర్తు పొడవు పదకొండు జానలని రాశాడు.

చేదు కూడా దాచలేదు. దారిలో షేక్ ఉస్మాన్ షీరాజీ అనే బుజుర్గ్ మస్జిద్ గురించి చెప్పాడు. ఆవును కోసినందుకు ఆయనకు ఒక చెయ్యి, ఒక కాలు తీసేశారు. మామూలుగా అయితే ప్రాణమే పోయేది. ఆయన మీదున్న గౌరవం వల్ల ప్రాణం దక్కింది, ఒక బజార్ రాబడి కూడా ఆయనకు రాసిచ్చారు. మనవాళ్ల సంగతీ రాశాడు. పాదం పక్కన రాతి గుంటల్లో భక్తులు పెట్టే బంగారం, రత్నాల కోసం ఫకీర్లు ఒకరికంటే ఒకరు ముందు పరుగెత్తేవారట. ఇబ్న్ బతూతా నేటి మాటల మనిషి కాదు, అక్కడివాళ్లను కాఫిర్లనే రాశాడు. అయినా వాళ్ల వెంటే నడిచాడు, వాళ్ల మేలును దాచకుండా రాశాడు.

ఆ దారి ఉట్టినే పుట్టలేదు. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే, 11వ శతాబ్దంలో, విజయబాహు అనే బౌద్ధ రాజు యాత్రికులు పడే తక్లీఫ్ చూసి, వాళ్ల అన్నపానాల కోసం గిలిమలె అనే ఊరిని రాసిచ్చాడు. ఆ తర్వాతి కాలంలో దేవపతిరాజ అనే మంత్రి ఆ దారిలో వంతెనలు కట్టించాడు. ఆకలితో ఎక్కేవాడు ఎవరైనా ఆకలి ఒకటే కదా.

ఇంకో దస్తావేజు రాతి మీదే ఉంది. 1409 తేదీతో చైనా నౌకాధిపతి జెంగ్ హె వేయించిన శిలాశాసనం 1911లో గాల్ పట్నంలో దొరికింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. చైనీ భాషలో బుద్ధుడికి, తమిళంలో అక్కడి విష్ణు దేవుడికి, ఫార్సీలో అల్లాహ్ పేరిట కానుకలు సమర్పించినట్టు అందులో ఉంది. జెంగ్ హె పుట్టింది ముస్లిం ఇంట్లోనే. ఆ నౌకాదళమే 1411లో అక్కడి పాలకుణ్ణి బందీ చేసి చైనాకు తీసుకుపోయిందన్నదీ తారీఖే. మంచిని మాత్రమే ఏరుకుంటే అది తారీఖ్ కాదు, తారీఫ్ అవుతుంది.

మన దక్కన్‌కూ ఈ కొండతో రిష్తా ఉంది. 18వ శతాబ్దంలో ఔరంగాబాద్‌లో ఉన్న గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ అరబీలో 'సుబ్‌హతుల్ మర్జాన్' రాశారు. ఆదం అలైహిస్సలాం దిగింది హింద్ గడ్డ మీదేనని చెప్పే రివాయత్‌లను పోగుచేసి, ఈ నేలకు ఎంత ఇజ్జత్ ఉందో చూడండని అరబ్బులకు చెప్పారు. ఆయన ఖుల్దాబాద్‌లో నిద్రిస్తున్నారు. పాత లెక్కలో సరందీబ్ కూడా హింద్‌లో భాగమే.

ఇక మా అమ్మాయి సవాళ్లు. ఖురాన్‌లో ఆదం అలైహిస్సలాం కిస్సా బఖరాలో ఉంది, ఆరాఫ్‌లో ఉంది, తాహాలో ఉంది. దిగమన్న హుకుం ఉంది. కొండ పేరు లేదు. తబరీ లాంటి పెద్దలు తమ దాకా వచ్చిన రివాయత్‌లను రాసిపెట్టారు, అకీదాలో కలపలేదు. కాబట్టి ఆ ఫోటో దలీల్ కాదు. దాన్ని నమ్మకపోతే ఈమాన్ తగ్గదు, నమ్మాలని ఇంకొకరితో గొడవపడితే పెరగదు.

"అయితే నానీమా చెప్పింది అబద్ధమా?" అంది బిడ్డ. మొహం చిన్నబోయింది.

"కాదు బేటీ. నానీమా తను విన్నది చెప్పింది. ఆ అడుగు ఎవరిదో అల్లాహ్‌కే తెలుసు. కానీ మన ఖాజీసాబ్‌ను పల్లకీ ఇచ్చి దాని దాకా ఎవరు పంపారో, ఎవరు తోడు నడిచారో మాత్రం ఆయనే రాసిపెట్టి పోయాడు."

కాసేపు ఆలోచించి, ఆ ఫోటోను ఎవరికీ పంపకుండా తీసేసింది. తర్వాత అడిగింది: "అబ్బా, మనమూ ఒకసారి వెళ్దామా? బాబా దారినే ఎక్కుదాం."

ఇన్షా అల్లాహ్ అన్నాను. దిగేటప్పుడు మామా దారి.