ఆపదలో టెలిఫోను

ఇంటిలో టెలిఫోను ఉంటే ఆపత్సమయంలో సహాయం చేతికి అందినట్లేనని మనం భావిస్తాము. తీగ ఉన్నంతమాత్రాన సహాయం రాదని తెలియజేసిన దుర్ఘటన ఒకటి చరిత్రలో ఉన్నది.

1935 నవంబరు 10వ తేదీ వేకువజామున లండను నగరంలో, వింపోల్ వీథిలోని ఒక వైద్యుని ఇల్లు అగ్నికి ఆహుతి అయింది. ఐదుగురు స్త్రీలు మరణించారు. ఆర్తనాదాలు విని మేల్కొన్న ఇరుగుపొరుగువారిలో ఒక పెద్దమనిషి, ఆనాటి పద్ధతి ప్రకారం సున్న తిప్పి ఎక్స్ఛేంజిని పిలిచాడు. గంట మ్రోగుతూనే ఉన్నది. బదులు పలికినవారు లేరు. ఆపరేటరుకు అన్ని పిలుపులూ ఒక్కటే. నంబరు అడుగదలచినవాడూ, మంటలు చూచి కేకవేసేవాడూ ఒకే వరుసలో వేచి ఉండవలసిందే. ఆయన ఈ సంగతిని 'ది టైమ్స్' పత్రికకు లేఖగా వ్రాశాడు. ప్రభుత్వం విచారణ జరిపించింది.

దాని ఫలితమే 1937 జూన్ 30న లండనులో ప్రారంభమైన 999. ఈ అంకెలు తిప్పగానే ఎక్స్ఛేంజిలో ఎర్రదీపం వెలిగేది, హెచ్చరిక ధ్వని వినవచ్చేది. ఆపరేటరు తక్కిన పనులు విడిచి ఆ పిలుపునే అందుకొనేది.

తొమ్మిదినే ఎన్నుకోవడానికి కారణం లేకపోలేదు. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలినా ఒకటి అంకె తిప్పినట్లే యంత్రం పొరబడవచ్చు. కనుక 111 పనికిరాదు. మొదటి సున్నతోనే పిలుపు మామూలు ఆపరేటరుకు చేరుతుంది. కనుక 000 కూడా కుదరదు. డయలులో సున్న ప్రక్కనే ఉండే తొమ్మిదిని పొగలోనైనా, చీకటిలోనైనా వ్రేలితో తడిమి పోల్చుకోవచ్చు. నాణెం వేయకుండానే ఆ పిలుపు సాగేటట్లు వీథులలోని టెలిఫోన్లను మార్చడమూ సులభమైంది.

మన దేశంలో పోలీసులకు 100, అగ్నిమాపక దళానికి 101 అలవాటైన అంకెలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమైంది. ఈ సహాయాలన్నిటికీ ఒకే అంకెగా 112 అనేది 2018 నుండి ఒక్కొక్క రాష్ట్రంలో అమలులోకి వచ్చింది.

ఎప్పుడు పిలువవలెను? ప్రాణానికి ముప్పు కలిగినప్పుడు, నిప్పు అంటుకొన్నప్పుడు, నేరం కళ్ళయెదుట జరుగుతున్నప్పుడు సంకోచించరాదు. మొదట స్థలం చెప్పవలెను: ఊరు, వీథి, సమీపంలోని గుర్తు. తరువాత జరిగినదేమో, గాయపడినవారెందరో చెప్పవలెను. అవతలివారు చాలునన్నంతవరకు ఫోను పెట్టివేయరాదు. పొరపాటున పిలుపు వెళ్ళినా, మౌనంగా పెట్టివేయక ఆ మాటే చెప్పడం మేలు.

దారి అడగడానికీ, కరెంటు ఎప్పుడు వస్తుందో కనుక్కోవడానికీ, వేళాకోళానికీ ఈ అంకెలు కావు. 999 ఏర్పడిన తొలివారంలోనే వెయ్యికి మించి పిలుపులు రాగా, వానిలో అల్లరి పిలుపులూ ఉన్నాయి. అటువంటి ప్రతి పిలుపూ ఆ వేకువజామున వింపోల్ వీథిలో ఉన్న వరుసనే మళ్ళీ ఏర్పరుస్తుంది. ఆ వరుసలో మన వెనుక వేచి ఉన్నవారి ఇల్లు కాలుతూ ఉండవచ్చు.