షెఫీల్డు చాకులు: ముద్రలు, కాలనిర్ణయము

శాసన మనఁగానే శిలయో రాగిఱేకో స్ఫురించును. అంగుళమునకు మించని యుక్కుముక్కపై రెండు మూఁడు పదములతో ముగియు శాసనములును గలవు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమునఁ జేయఁబడిన మడతచాకులందు, అలుగు పిడితోఁ గలియుచోటఁ జేసినవారి పేరును గుఱుతును గొట్టుట యాచారము. లండను పోర్టొబెల్లో వీథి శనివారపు సంతలోనైనను, ముంబయి చోరుబజారులోనైనను బ్రాఁతచాకులను వెదకు నెఱవాదులు మొదటఁ జూచునది యా తావే. పిడియందము తర్వాతిది.

షెఫీల్డు కత్తుల ఖ్యాతి మిక్కిలి ప్రాఁతది. పదునాలుగవ శతాబ్దివాఁడగు చాసరు కవి కాంటర్బరీ కథలలో నొక పిండిమరవాఁడు షెఫీల్డు కత్తిని మేజోటిలో నిడికొని తిరిగెడివాఁ డని వర్ణించెను. 1624లో పార్లమెంటు శాసనముచే హాలంషైరు కత్తిపనివారి సంఘ మేర్పడెను. ముద్రల నొసఁగుటయు, ఒకరి ముద్ర నొకరు హరింపకుండఁ గాచుటయు దాని పనులలోనివి. జోసెఫ్ రాడ్జర్సు వారి నక్షత్రమును మాల్టా సిలువయు 1764లో నమోదయ్యెను. అంతమాత్రమున నా ముద్ర గల ప్రతిచాకును నాఁటి దనరాదు; ఇరువదవ శతాబ్దియందును నదియే కొట్టఁబడెను. వోస్టెన్‌హోమ్ వారి ముద్ర శ్లేషప్రియులకు నచ్చును. ఐ, ఎక్స్, ఎల్ అను మూఁడక్షరములను వరుసగాఁ బలికినచో 'నేను మించుదును' అను నింగ్లీషు వాక్యము వినఁబడును.

కాలనిర్ణయమునకు రాజచిహ్నములు కొంత తోడ్పడును. కిరీటమున కిరుప్రక్కల వి, ఆర్ అను నక్షరము లున్నచో విక్టోరియా రాణి యేలిన 1837-1901 నడిమి దని చెప్పవచ్చును. జి, ఆర్ అను వానితోనే చిక్కు. జార్జి నామధేయులు పలువు రేలిరి; నాలుగవవాఁడు 1830లో మృతుఁడు కాఁగా, ఐదవవాఁడు 1910లో సింహాసన మెక్కెను. ఎనుబదియేండ్ల యంతరము గల యీ సందేహమును దీర్చునది యొక చిన్నపదము. 1890లో అమెరికావారు చేసిన మకిన్లీ సుంకపుశాసనము తమ దేశమునకు వచ్చు విదేశవస్తువులపై దేశనామ ముండవలె నని విధించెను. కావున 'షెఫీల్డు' ప్రక్క 'ఇంగ్లండు' అనియు నున్నచో నా చాకు సాధారణముగాఁ దత్పశ్చాత్కాలికము. విపర్యయము మాత్రము చెల్లదు. స్వదేశమున నమ్ముడువోయిన చాకులకు నీ విధి లేదు గదా! ఆ పదము లేదు గనుకఁ బ్రాఁత దనుట హేత్వాభాసము. సంతలోని వర్తకుల వాద మెక్కువగా నిదియే. 'స్టెయిన్‌లెస్' అని యున్నచోఁ జర్చయే లేదు. హారీ బ్రెయర్లీ షెఫీల్డున నా తుప్పుపట్టని యుక్కును సిద్ధపఱచినది 1913లో.

కూటశాసనము లున్నట్లే కూటముద్రలును గలవు. జర్మనీలోని జోలింగెను కత్తులపై 'షెఫీల్డు' అని కొట్టి యమ్ముచుండఁగాఁ గత్తిపనివారు మొఱవెట్టిరి. 1887లో వర్తకముద్రల శాసనము పుట్టెను. అయినను గూటముద్రకంటె సానరాయియే యధికహాని చేయుచున్నది. తుప్పు వదలించి మెఱుఁగు పెట్టినచో వెల పెరుగు నను నాసతో నమ్మకఁ డక్షరముల నరుగఁదీయును. అట్టి చాకు మెఱయును గాని మాటాడదు. రెండు విఱిగిన చాకుల నొకటిగాఁ గూర్చుటయుఁ గలదు. పిడి యేనుఁగుదంతపుదైనచో వేఱొక చిక్కు: 2018లోఁ జేయఁబడి 2022లో నమలునకు వచ్చిన బ్రిటిషు శాసనము కొన్ని మినహాయింపులు దక్క దంతపు వస్తువుల విక్రయమును నిషేధించినది.

తెలుఁగువారికి నీ చరిత్రతో నొక సంబంధము కలదు. 'చాకు' అన్యదేశ్యము, పారసీకమున నున్న పదమే. 'ఉక్కు' మాత్ర మిటనుండి యటు పోయినది. ఐరోపావారు 'వూట్జు' అని పిలిచిన యుక్కు పేరు తెలుఁగు కన్నడములలోని 'ఉక్కు' శబ్దభవ మని పెక్కండ్ర మతము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున నట్టి యుక్కును మూసలలోఁ గరఁగించెడివారు. బొంబాయినుండి లండనునకుఁ జేరిన వూట్జును గూర్చి పియర్సను అను రసాయనశాస్త్రజ్ఞుఁడు 1795లో రాయల్ సొసైటీ పత్రికయందు వ్యాసము ప్రకటించెను. ఆ పరీక్షలకై లండను కత్తిపనివాఁడు జేమ్సు స్టోడార్టు దానిని సాగఁగొట్టి యీఁకకలములు చెక్కు చిన్నచాకు నొకదానిని జేసెను.