కాంతితో పనిచేసే క్యాన్సర్ మందు: కణజాలంలో కొలత

కాంతి సోకితేనే కణితిని చంపే మందు కణజాలంలో ఎంత చేరిందో తేల్చే పద్ధతి ఇది. ఫోటోడైనమిక్ చికిత్సలో మందు, కాంతి, ఆక్సిజన్ ఒక్కచోట కలవాలి. ఒకే మోతాదు ఎక్కించినా ఒక్కో రోగి కణితిలో ఒక్కోలా చేరుతుంది కనుక కొలత అవసరం. 1993లో కెనడా ఆమోదం పొందిన ఇలాంటి మందు ఫోటోఫ్రిన్‌పై సుమారు 405 నానోమీటర్ల ఊదా కాంతి వేస్తే ఎర్రగా మెరుస్తుంది; ఆ మెరుపును ఆప్టికల్ ఫైబర్‌తో పట్టి లెక్కకడతారు. చిక్కంతా నెత్తురుతో, కణజాలంతోనే: హిమోగ్లోబిన్ కాంతిని మింగేస్తుంది, కణజాలం చెదరగొడుతుంది, సవరించని అంకెను నమ్మరాదు. ముక్క తీసి పరీక్షించడం నికరమే గానీ, అదే చోట మళ్లీ కొలవలేం.

ఫోటోఫ్రిన్ చర్మంలో వారాల తరబడి నిలుస్తుంది. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఎండల్లో ఇది చిన్న సంగతి కాదు: కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. అలాగని చీకటి గదిలో కూర్చోనక్కర్లేదు. ఇంట్లోని మామూలు వెలుతురు చర్మంలో మిగిలిన మందును మెల్లగా నిర్వీర్యం చేస్తుంది.