చెక్క పీటతో మొదలుపెట్టండి.. ఇంట్లో వడ్రంగి పని నేర్చుకునేవారికి ఇవి తప్పక తెలియాలి

ఫోన్‌లో వీడియో చూస్తుంటే చెక్కపని చాలా తేలికనిపిస్తుంది. చెక్క కోశారు, జిగురు రాశారు, అంతే.. నిమిషంలో టేబుల్ రెడీ. ఆ ఊపులో మెషీన్లు ఆర్డర్ పెట్టేస్తాం. తీరా మొదలుపెడితే పలక వంకర పోతుంది. స్క్రూ బిగిస్తుంటే చెక్క చీలిపోతుంది. ఒక్కోసారి వేలు కూడా తెగుతుంది.

ఎందుకంటే అసలు పని వీడియోలో కనిపించదు. చెక్క ఆరిందో లేదో చూడటం, కొలవడం, గీత గీయడం, ఆగి మళ్లీ కొలవడం.. ఎడిటింగ్‌లో పోయేవి ఇవే. మరి ఇంట్లో నాలుగైదు సాధనాలతో ఈ పని ఎలా నేర్చుకోవాలి? ఏ చెక్క కొనాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి? చూద్దాం.

ముందు పీటే ఎందుకు?

మొదటి ప్రయత్నంలోనే మంచం, టీవీ యూనిట్ పెట్టుకోకండి. మన ఇళ్లలో కూర్చునే చెక్క పీట చూడండి. పైన ఒక పలక, కింద రెండు అడ్డపట్టీలు. మొత్తం మూడే ముక్కలు. అయినా కొలత, కోత, డ్రిల్లింగ్, నునుపు చేయడం, పాలిష్.. అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. పాడైనా పోయేది ఓ చిన్న ముక్క చెక్కే.

ఈ సాధనాలు చాలు

- టేపు, స్టీలు స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిల్
- మూలమట్టం: గీత సరిగ్గా 90 డిగ్రీల్లో గీయడానికి. దీన్ని మాత్రం వదలొద్దు
- చేతి రంపం: మధ్యరకం పళ్లున్నది ఒకటి
- సి-క్లాంపులు రెండు: చెక్క కదలకుండా పట్టి ఉంచడానికి
- చిన్న డ్రిల్ మెషీన్.. 3, 4.5, 6, 10 మిల్లీమీటర్ల బిట్లు
- స్క్రూడ్రైవర్
- 80, 120, 220 నంబర్ల సాండ్ పేపర్
- కళ్లద్దాలు (గాగుల్స్), ఎన్95 మాస్క్

ఉలి, చిత్రిక, సుత్తి తర్వాత కొనుక్కోవచ్చు. పలకకి చిత్రిక పట్టించడం టింబర్ డిపోలోనో, సామిల్లులోనో చేయించుకుంటే సరిపోతుంది. పని చేసే బల్ల లేకపోయినా పర్వాలేదు. కదలని పాత టేబుల్ ఉంటే చాలు.

చెక్క కొనేటప్పుడు ఇవి చూడండి

పీటకి టేకు, వేప రెండూ బాగుంటాయి. నేర్చుకునేవారికి పైన్‌వుడ్ తేలిక, రంపానికి మెత్తగా తెగుతుంది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొనికి, ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర మెత్తగా ఉంటాయి కాబట్టే చెక్కడానికి, కుందనం పట్టడానికి వీలవుతాయి. మనిషి బరువు మోసే పీటకి మాత్రం గట్టి చెక్కే కావాలి.

పలకని కంటికి ఎదురుగా పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకి చూడండి. మెలి తిరిగినట్టుంటే వద్దు. మధ్యలో పెద్ద కణుపులున్నా వద్దు. సన్నటి రంధ్రాలు, వాటి నుంచి రాలే పిండి కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. చేవ ఉన్న భాగం ముదురు రంగులో ఉంటుంది, చెదలు త్వరగా పట్టవు. అంచున ఉండే తెల్ల చెక్కకి ఆ బలం ఉండదు.

పచ్చి చెక్కని కనిపెట్టడం ఎలా?

చిన్న ముక్క కోసి వంటింటి తూకం మీద బరువు చూసి రాసుకోండి. వారం తర్వాత మళ్లీ తూచండి. బరువు తగ్గిందా? ఇంకా నీరు పోతోందని అర్థం. బరువు నిలకడగా ఉన్నాకే పని మొదలుపెట్టండి. కొన్న చెక్కని ఇంట్లోనే నీడలో, గాలి ఆడేలా కింద చిన్న పుల్లలు పెట్టి ఉంచాలి.

పాత చెక్క వాడుతున్నారా?

పాత తలుపులు, ద్వారబంధాల చెక్క బాగా ఆరి ఉంటుంది. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి, లోపల విరిగిన మేకులు. అయస్కాంతం పెట్టి అంతా వెతికాకే రంపం పెట్టండి. రెండు, పాత రంగు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువ ఉండొచ్చు. దాన్ని సాండ్ పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం. రంగు వేసిన పాత చెక్కని వదిలేయడమే మంచిది.

సరుకులొచ్చే ప్యాలెట్ల చెక్క తెస్తే దాని మీద ముద్ర చూడండి. 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడుకోవచ్చు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, ఇంట్లోకి తేవద్దు. ముద్రే లేకపోయినా తేకపోవడం మేలు.

పీట తయారీ.. స్టెప్ బై స్టెప్

పై పలక: 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, అంగుళం మందం. అడ్డపట్టీలు రెండు: ఒక్కోటి 9 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. స్క్రూలు: 4 మిల్లీమీటర్ల లావు, 40 మిల్లీమీటర్ల పొడవు, గుండ్రటి తల ఉన్నవి ఆరు. వాటికి ఆరు వాషర్లు.

1. గీత గీయండి. మూలమట్టం పెట్టి పైన, రెండు అంచుల మీద కూడా గీత తిప్పండి. కోసేటప్పుడు రంపం పక్కకి పోతే అక్కడే తెలిసిపోతుంది.

2. కోయండి. చెక్కని క్లాంపుతో బిగించండి. రంపాన్ని ముందు రెండు మూడుసార్లు వెనక్కి లాగి చిన్న గాడి పెట్టండి. తర్వాత సుమారు 45 డిగ్రీల వాలులో, పూర్తి పొడవుతో నిదానంగా నడపండి. రంపం గీత మీద కాదు, గీతకి బయట, పారేసే ముక్క వైపు నడవాలి. రంపం మందం మేర చెక్క పొట్టుగా పోతుందని మర్చిపోవద్దు. చివర్లో తెగే ముక్కని రెండో చేత్తో పట్టుకోకపోతే అంచు చీలుతుంది.

3. పట్టీలకి రంధ్రాలు. ఒక్కో పట్టీకి మూడు.. మధ్యలో ఒకటి, రెండు కొసల దగ్గర చెరొకటి. ముందు కింది వైపు నుంచి 10 మిల్లీమీటర్ల బిట్‌తో 12 మిల్లీమీటర్ల లోతు గుంత చేయండి. స్క్రూ తల అందులో దాగుతుంది, నేల గీసుకుపోదు. ఆ గుంత మధ్యలో నుంచి ఆరుపారా రంధ్రం వేయండి. మధ్య రంధ్రానికి 4.5, కొసల రంధ్రాలకి 6 మిల్లీమీటర్ల బిట్ వాడాలి.

4. పలకకి చిన్న రంధ్రాలు. పలకని బోర్లించి, రెండు చివరల నుంచి రెండేసి అంగుళాలు వదిలి పట్టీలు అడ్డంగా పెట్టి బిగించండి. 3 మిల్లీమీటర్ల బిట్‌తో పలకలోకి 12 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు వేయండి. బిట్‌కి అంత దూరంలో టేపు ముక్క చుట్టుకుంటే లోతు దాటదు. ఇలా ముందే రంధ్రం వేస్తే స్క్రూ బిగించినప్పుడు చెక్క చీలదు.

5. బిగించండి. వాషర్ వేసి స్క్రూలు బిగించండి. చివరి బిగింపు డ్రిల్‌తో కాదు, చేత్తోనే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది

కొసల రంధ్రాలు ఎందుకు పెద్దగా వేశాం? చెక్క కదులుతుంది కాబట్టి. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మనందరికీ తెలిసిందే. గాలిలో తేమ పెరిగితే చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ తగ్గుతుంది. పొడవులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. పీటలో పలక వెడల్పు, పట్టీ పొడవు ఒకే దిశలో ఉంటాయి. పలక కదలాలంటుంది, పట్టీ కదలనివ్వదు. రెండింటినీ జిగురు పెట్టి మొత్తం అతికిస్తే రెండు వేసవులకి పలక మధ్యలో పగులు రావొచ్చు.

అందుకే జిగురు వాడాలనుకుంటే తెల్లటి పీవీఏ జిగురు పట్టీ మధ్యలో అంగుళం మేరే రాయండి. కొసల దగ్గర స్క్రూ అటూ ఇటూ జరగడానికి ఆ పెద్ద రంధ్రం చోటిస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే రేపు టేబుల్ చేసినా పగలదు.

ప్లైవుడ్‌కి ఈ సమస్య చాలా తక్కువ. పొరల్ని అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అతికిస్తారు కాబట్టి పెద్దగా కదలదు.

నునుపు, పాలిష్

80తో మొదలుపెట్టి 120, ఆఖర్న 220. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి. అంచుల పదును కూడా కొంచెం తగ్గించండి.

తర్వాత అవిసె నూనె పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది శుభ్రంగా తుడిచేయండి. ఒకట్రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ ఒక పూత వేయండి.

ఇక్కడొక పెద్ద ప్రమాదం ఉంది. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండలా చుట్టి మూలన పడేస్తే, లోపల వేడి పుట్టి నిప్పు పెట్టకుండానే అంటుకోవచ్చు. వాడిన గుడ్డని బయట విడిగా పరిచి ఆరబెట్టాలి. లేదంటే నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి.

ఈ తప్పులు చేయొద్దు

గ్రైండర్‌కి రంపం బ్లేడ్ బిగించడం: చెక్క త్వరగా కోయాలని కొందరు యాంగిల్ గ్రైండర్‌కి పళ్ల బ్లేడ్ వేస్తారు. చిన్న గ్రైండర్లు చాలావరకు నిమిషానికి 10 వేలకి పైగా తిరుగుతాయి. పళ్లు చెక్కలో ఇరుక్కుంటే మెషీన్ ఒక్కసారిగా మీదకి ఎగురుతుంది. చేయి, మెడ, ముఖం ఏదైనా తెగొచ్చు. ఈ పని అస్సలు వద్దు. రంపంతో ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా నష్టం లేదు.

గ్లోవ్స్‌తో డ్రిల్ వాడటం: తిరిగే బిట్ గ్లోవ్స్‌ని చుట్టేసుకుని చేతిని లాగేస్తుంది. చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు కూడా అంతే.

దుమ్ముని తేలిగ్గా తీసుకోవడం: చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి జాబితాలోనే చేర్చింది. రుద్దే పని బాల్కనీలోనో, ఆరుబయటో మాస్క్ పెట్టుకునే చేయాలి. తర్వాత చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి.

వైర్లు చూడకుండా గోడకి డ్రిల్: పీట తర్వాత గోడ షెల్ఫ్ చేస్తారు చాలామంది. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైన, కింద గోడ లోపల వైర్లు ఉండొచ్చు. ఆ వరస వదిలేసి రంధ్రం వేయండి.

వేలు తెగితే ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, చేయి పైకి ఎత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. వేలు ముక్క విడిపోతే తడి గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ని ఐస్ నీళ్లలో ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ముక్కకి ఐస్ నేరుగా తగలకూడదు. కంట్లో పొట్టు పడితే రుద్దకుండా నీళ్లతో కడగండి.

ఆ తర్వాత ఏం చేయొచ్చు?

పీట బాగా కుదిరితే తాళంచెవుల స్టాండ్, తర్వాత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గోడ షెల్ఫ్, ఆ తర్వాత చిన్న స్టూల్. ఈ వరసలో వెళ్తే ప్రతిసారీ ఒక్క కొత్త సాధనం కొంటే చాలు. వీలైతే మీ వీధిలో వడ్రంగి పని జరుగుతున్నప్పుడు కాసేపు నిలబడి చూడండి. ఆయన ఎన్నిసార్లు కొలుస్తారో, ఎన్నిసార్లు కోస్తారో లెక్కపెట్టండి. వీడియోలో లేని పాఠం అదే.