శనివారపు పద్మవ్యూహం

తెలంగాణ పల్లెలో చిందు భాగోతం ఆడే రాత్రి అభిమన్యుడి కథ పెడితే, ముగింపు తెలియనివాళ్లు ఆ జనంలో ఒక్కరూ ఉండరు. పిల్లవాడు వ్యూహంలోకి వెళ్తాడు, తిరిగి రాడు. తెలిసీ కూర్చుంటారు. సైంధవుడు దారి కాయకపోయి ఉంటే, భీముడు ఒక్క అడుగు లోపలికి వేయగలిగి ఉంటే అని, ఎన్నోసారో లెక్కలేని ఆశతో తెల్లవార్లూ కూర్చుంటారు. మెదక్ జిల్లా మనోహరాబాద్‌లో ఉండి నేను చెప్పబోతున్న వీరుడి కథనూ అలాగే వినాలి. వీడు మన గడ్డ మీద పుట్టలేదు. అసలు ఏ గడ్డ మీదా పుట్టలేదు, కాగితం మీద పుట్టాడు. 1966 సెప్టెంబర్ 10న, ఓ శనివారం పొద్దున, అమెరికాలో సీబీఎస్ తెర మీద మొదటిసారి కనిపించాడు. రెండేళ్లు తిరిగి 1968 సెప్టెంబర్ వచ్చేసరికి ఆ తెర మీద వాడికి చోటు లేదు. పేరు స్పేస్ ఘోస్ట్.

ఆ రోజుల్లో ఆ దేశంలో శనివారం పొద్దు అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. మన శనివారం వేరు. వెంకన్నకు ఒక్కపొద్దు, ఆంజనేయుడికి సిందూరం, ఆకుపూజ, పిల్లలకు మాత్రం తప్పని బడి. మనోహరాబాద్ పిల్లలు పుస్తకాల సంచి భుజాన వేసుకుని బయల్దేరే ఆ పూటే, అమెరికా పిల్లలకు వారం మొత్తంలో తమది అనుకోదగ్గ ఒకే ఒక్క పూట. పెద్దలు ఇంకా నిద్ర లేవరు. పిల్లలు పక్క మీది బట్టలతోనే వచ్చి, గిన్నెలో పాలూ కార్న్‌ఫ్లేక్సూ పోసుకుని, టీవీ ముందు చతికిలబడి మధ్యాహ్నం దాకా కదలరు. ఏం చూడాలో చెప్పేవాళ్లు లేరు, చాలించమనేవాళ్లు లేరు. ఆ మూడు నాలుగు గంటలు వాళ్ల రాజ్యం.

ఆ రాజ్యానికి ఏలికను గీసినవాడు అలెక్స్ టోత్. 1928లో న్యూయార్క్‌లో పుట్టి, కామిక్ పుస్తకాల్లో చేయి తిరిగిన చిత్రకారుడు. గీతలు పెంచడం కాదు, అక్కర్లేని గీతను తీసేయడం ఆయన విద్య. ఒంటిని అంటిపెట్టుకున్న తెల్లని దుస్తులు, నల్లని ముసుగు, వెనుక ఎగిరే పసుపుపచ్చ వస్త్రం, మణికట్ల మీది పట్టీల నుంచి దూకే కాంతి, కోరినప్పుడు మాయమైపోయే శక్తి. వెంట జ్యాన్, జేస్ అనే కవల పిల్లలు, బ్లిప్ అనే ఓ కోతి. (మన దగ్గర 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్‌గా ఎగిరినప్పుడు ఆ శక్తి ఇచ్చింది ఆంజనేయుడే. ఎగిరే వీరుడికీ వానరానికీ ఎక్కడైనా చుట్టరికం ఉన్నట్టే ఉంది.) ఈ కార్టూన్ తీసిన హానా-బార్బెరా స్టూడియోలో అప్పటికి డబ్బు తక్కువ, గడువు ఇంకా తక్కువ. బొమ్మను నిలువునా కదిలించే తాహతు లేక, ఒళ్లంతా నిలిపి పెదవులు మాత్రం ఆడించి పని గడుపుకునే రోజులవి. ఆ లేమినే టోత్ శోభగా మార్చాడు. కదలకుండా నిలబడిన బొమ్మకు నిలబడడంలోనే ఒక హుందాతనం ఇచ్చాడు, సగం ముఖాన్ని నీడకు వదిలి ఆ నీడతోనే గాంభీర్యం పలికించాడు. గ్యారీ ఓవెన్స్ తన నిండైన గొంతు ఇచ్చాడు. ఆ గొంతు వినబడితే చాలు, అంతరిక్షంలో ఏ మూల ఏ పిల్లవాడు చిక్కుకున్నా ఇక భయం లేదనిపించేది.

సీబీఎస్‌లో పగటి కార్యక్రమాలు చూసే ఫ్రెడ్ సిల్వర్‌మన్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. శనివారం పొద్దును వీరులతో నింపేయాలని పట్టుబట్టినవాడు ఆయనే. ఆ ఏడాది ఆ ఛానల్‌లో స్పేస్ ఘోస్ట్ పక్కన సూపర్‌మ్యాన్ కొత్త కార్టూన్ కూడా వచ్చింది. పోటీ ఛానళ్లు వెనకబడ్డాయి. సిల్వర్‌మన్ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది, అప్పుడు చేతిలో పూలదండ ఉండదు.

స్పేస్ ఘోస్ట్ మొత్తం 20 ఎపిసోడ్లు. అంతే. ఆ చివరి కథల్లో ఆరుగురు శత్రువులు ఏకమవుతారు. కీటకం రూపంలోని జోరాక్, నిప్పు లోహాల మోల్టార్, బ్రాక్, మెటాలస్, స్పైడర్ వుమన్, క్రీచర్ కింగ్. అభిమన్యుణ్ణి చుట్టుముట్టిన మహారథులూ ఆరుగురే కదా అని నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. గీసినవాళ్లకు మన భారతం తెలిసి ఉండదు, ఆ లెక్క ఎలా కుదిరిందో కుదిరింది. అయితే తెర మీది వ్యూహాన్ని స్పేస్ ఘోస్ట్ ఛేదించుకుని వచ్చాడు. అసలు వ్యూహం తెర బయట పన్నుతున్నారు. దానికి తలుపు ఎటుందో చెప్పడానికి ఏ మేనమామా లేడు.

మొదటి మలుపు గెలుపులోనే తప్పింది. 1967 శరత్తు వచ్చేసరికి మూడు ఛానళ్లూ వీరుల మీద పడ్డాయి. హెర్కులాయిడ్స్, బర్డ్‌మన్, ఫెంటాస్టిక్ ఫోర్, స్పైడర్ మ్యాన్... ఒకడి తర్వాత ఒకడు. స్పేస్ ఘోస్ట్ ఆఖరి కథను కూడా రాబోయే కొత్త వీరులను పరిచయం చేసే దండోరాగా వాడుకున్నారు. ఆరు నిమిషాలో ఏడు నిమిషాలో ఉండే కథలో రాక్షసుడు రావడం, పిల్లలు చిక్కుకోవడం, పిడుగు లాంటి దెబ్బ, విజయం. వారం వారం అదే. ఒక్క స్టూడియో అయినా ఆగి, ఈ వీరుడు కొట్టడం తప్ప ఇంకేం చేయగలడని అడిగి ఉంటే! శత్రువు ఎందుకు శత్రువయ్యాడో ఒక్క కథలో చెప్పి ఉంటే! టోత్ గీతలో ఆ కథలు మోసే బలం ఉంది. రాయించడానికి వ్యవధి మాత్రం ఎవరికీ లేకపోయింది.

తర్వాత 1968 వచ్చింది. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. జూన్ 5న, అర్ధరాత్రి దాటాక, లాస్ ఏంజెలిస్ హోటల్‌లో రాబర్ట్ కెన్నెడీని కాల్చారు, మర్నాడు ఆయన పోయాడు. స్పేస్ ఘోస్ట్‌ను గీసిన స్టూడియో ఉన్నదీ ఆ నగరంలోనే. వియత్నాం నుంచి శవపేటికలు వస్తున్నాయి, రాత్రి వార్తల్లో నిజమైన నెత్తురు కనిపిస్తోంది. జూన్ 10న అధ్యక్షుడు జాన్సన్ హింసకు కారణాలు వెతకడానికి ఒక జాతీయ సంఘాన్ని వేశాడు. అంత పెద్ద దుఃఖంలో ఉన్న ఇల్లు ఎవరినో ఒకరిని దండించక ఊరుకోలేదు. యుద్ధాన్ని ఆపడం చేతకాదు. తుపాకులను ఆపడం చేతకాదు. శనివారం పొద్దున పిల్లల ముందు ఎగురుతున్న ఒక బొమ్మను ఆపడం చేతనవుతుంది.

పిల్లల తెర మీద ఆ కొట్లాటలు వద్దన్న తల్లులను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. అదే 1968లో బోస్టన్ దగ్గర పెగీ చారెన్ అనే ఆమె మరికొందరితో కలిసి యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంస్థ పెట్టింది. పిల్లల కోసం పెట్టిందే. ఆమె నిషేధాలను సమర్థించిన మనిషి కూడా కాదు. ఆమె సంస్థ 1970లో ప్రభుత్వాన్ని గట్టిగా అడిగింది, పిల్లల కార్యక్రమాల మధ్య ప్రకటనలు తీసేయమని. బొమ్మలూ చక్కెర దట్టించిన తిండీ అమ్మే ఆ ప్రకటనలు ఛానళ్లకు ప్రాణం. కాబట్టి ఛానళ్లు తమకు నష్టం లేని దారి ఎంచుకున్నాయి. ప్రకటనలు ఉండిపోయాయి, వీరులు పోయారు. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే చోటు ఇదే. తల్లులకూ ఆ చిత్రకారులకూ మధ్య ఒక్క సాయంత్రం మాట నడిచి ఉంటే, ఇద్దరూ కోరుకుంటున్నది ఒకటేనని తేలిపోయేది.

వీరుణ్ణి వెళ్లగొట్టకుండా సర్దుకోవడం జరగని పని కాదు, మన దేశంలో జరిగింది కూడా. 1997 సెప్టెంబర్ 13న, అదీ శనివారమే, దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైంది. వాడు బొమ్మ కాదు, ముకేశ్ ఖన్నా వేసిన మనిషి వేషం. కొన్నాళ్లకే వాడి మీదా అపవాదు వచ్చింది, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలు తెచ్చుకుంటున్నారని. అప్పుడు ఆ వీరుణ్ణి తెర నుంచి దింపేయలేదు. వాడే కథ చివర పిల్లల వైపు తిరిగి, ఇలా చేయకండి, నేను చేసేవి మీరు చేయకూడదు అని మామయ్యలా చెప్పాడు. ఆ కార్యక్రమం 2005 దాకా నడిచింది. స్పేస్ ఘోస్ట్‌కు కూడా గ్యారీ ఓవెన్స్ గొంతు ఉండనే ఉంది. చివరి అర నిమిషం ఆ గొంతుకు ఇచ్చి ఉంటే పిల్లలు వినేవాళ్లు.

ఇవ్వలేదు. 1968 సెప్టెంబర్‌లో స్పేస్ ఘోస్ట్ వెళ్లిపోయిన ఆ వారాల్లోనే పాటలు పాడే ఆర్చీ వచ్చాడు. ఏడాది తర్వాత, 1969 సెప్టెంబర్ 13న, అదే హానా-బార్బెరా స్టూడియో నుంచి, అదే సిల్వర్‌మన్ అడగ్గా, స్కూబీ డూ వచ్చింది. అందులో దయ్యాలన్నీ దొంగ దయ్యాలు. ముసుగు లాగితే లోపల ఎవడో ఆశపోతు మనిషి. నాకు స్కూబీ డూ మీద కోపం లేదు, ఆ కుక్క పిరికితనం చూసి నవ్వని పిల్లలుంటారా? కానీ వీరుణ్ణి పెంచిన చేయే వాడి గుడిసె పీకి అక్కడ పందిరి వేసింది, దయ్యం పేరుతో పుట్టిన వీరుడు పోయిన చోటికి ఉత్తుత్తి దయ్యాలు వచ్చాయి.

తిరిగి రాలేకపోలేదు, వచ్చాడనే చెప్పాలి, కానీ వెంటనే కాదు. 1973లో సూపర్ ఫ్రెండ్స్ అంటూ ఏబీసీలో వీరులను పిలిచారు, ఆ బొమ్మలకు రూపం దిద్దిందీ టోతే. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మన్ కొలువుదీరారు గానీ ఎవరినీ కొట్టడానికి వీల్లేదు. చేతులు కట్టేసి బరిలోకి దింపిన మల్లుల్లా కూర్చుని నీతులు మాట్లాడుకున్నారు. ఆ పందిట్లో స్పేస్ ఘోస్ట్‌కు పిలుపు లేదు. 1981లో స్పేస్ స్టార్స్ అనే గంట కార్యక్రమంలో ఎన్‌బీసీ వాడికి కొన్ని కొత్త కథలు ఇచ్చింది. గొంతు మళ్లీ ఓవెన్స్‌దే. 11 వారాల కథలతో అదీ ఆగిపోయింది.

ఇక మిగిలింది రెండో చావు. హానా-బార్బెరా ఆస్తి మొత్తం 1991లో టర్నర్ సంస్థ చేతికి పోయింది, 1992లో కార్టూన్ నెట్‌వర్క్ పుట్టింది. కొత్త కార్యక్రమాలకు డబ్బు లేక, 1994లో ఆ పాత బొమ్మలనే కత్తిరించి అతికించి, స్పేస్ ఘోస్ట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, అతిథులను ఇంటర్వ్యూ చేసే వెటకారపు కార్యక్రమం తయారుచేశారు. వాడి ఆగర్భశత్రువు జోరాక్ వాద్యబృందం నాయకుడు, మోల్టార్ తెర వెనక దర్శకుడు. గొంతు జార్జ్ లో అనే ఇంకొకరిది. నిజం చెప్పాలంటే అది తెలివైన హాస్యమే, అడల్ట్ స్విమ్ అనే కొత్త దారికి అదే పునాది వేసింది. ఇష్టపడినవాళ్లు లక్షల్లో ఉంటారు. కానీ టోత్ నీడకు వదిలిన ఆ సగం ముఖాన్ని, మొదట గీసినప్పుడున్న అదే గాంభీర్యంతో, ఇప్పుడు మతిలేని మాటలు పలుకుతుంటే చూడండి. గీతలో ఏమీ మారలేదు. దాన్ని నమ్మేవాళ్లే కరువయ్యారు.

1995 మేలో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది. పగలంతా కార్టూన్లు, రాత్రయితే అదే ఛానల్‌లో టీఎన్‌టీ పాత సినిమాలు. హైదరాబాద్-నాగ్‌పూర్ రోడ్డు మీది ఊళ్లకూ కేబుల్ వైరు పాకింది. హానా-బార్బెరా పాత సరుకు, అమెరికా తన అటక మీదికి విసిరేసినది, మన పిల్లలకు సరికొత్తదైంది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవడు మంచివాడో గీత చూసి చెప్పేసేవాళ్లు. తర్వాత మనమే గీసేవాళ్లమయ్యాం. 2008లో హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ నుంచి ఛోటా భీమ్ వచ్చాడు, 2009లో వచ్చిన ఐరన్ మ్యాన్ కార్టూన్ బొమ్మల పని హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్‌లో సాగింది. మనోహరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోతే ఆ నగరం ఎంతో దూరం కాదు. ఒకప్పుడు టోత్ చేసిన పనికి దూరపు వారసులు అక్కడ బల్లల ముందు కూర్చున్నారు, వాళ్లలో చాలామందికి ఆ పెద్దాయన పేరు తెలిసి ఉండదనుకుంటాను.

ఆ పెద్దాయన 2006 మే 27న పోయాడు. బొమ్మలు గీసే బల్ల దగ్గరే ప్రాణం వదిలాడు. వయసు 77. గ్యారీ ఓవెన్స్ 2015 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు. వీరులను వెళ్లగొట్టి కాపాడుకుందామనుకున్న ఆ శనివారం పొద్దు కూడా నిలబడలేదు. 1992లో ఎన్‌బీసీ కార్టూన్లు మానేసి ఆ పూట వార్తలు మొదలుపెట్టింది. పగలూ రాత్రీ కార్టూన్లే వేసే కేబుల్ ఛానళ్లు వచ్చాక, వారానికి ఒక్క పూట కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ లేకపోయింది. పెద్ద నెట్‌వర్కుల్లో చివరికి మిగిలిన శనివారపు కార్టూన్ల వరుస, సీడబ్ల్యూ ఛానల్‌లోని వోర్టెక్స్, 2014 సెప్టెంబర్ 27న ఆగిపోయింది. ఆ రోజు ఇక్కడ మనోహరాబాద్‌లో బతుకమ్మ రోజులు, కొత్త రాష్ట్రంలో మొదటి బతుకమ్మ. అమెరికాలో ఆ పై శనివారం పొద్దున సీడబ్ల్యూ పెట్టిన పిల్లల్లో చాలామందికి కనిపించింది జంతువుల మీద, ప్రయాణాల మీద తీసిన కార్యక్రమాలు.