తొట్టిల పువ్వు కాల్వకెక్కిన కథ

పోయిన సద్దుల బతుకమ్మకు మా ఊరి చెరువుల బతుకమ్మను వదిలితే నీళ్లల్లకు సాగలే. గుర్రపుడెక్క ఆకుల మీదనే కూసుంది. మా అమ్మ కట్టెతోని ఆకు జరిపితే గాని నీళ్లు కనబడలే. అప్పటి సంది ఈ మొక్క ఎక్కడికెల్లి వచ్చిందో తెలుసుకోవాలని పట్టుబట్టిన.

ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాల అమెజాన్ నది దాని పుట్టిల్లు. ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి 1800ల చివర్ల చానా దేశాలోళ్లు తోటల కుంటలల్ల పెంచుకున్నరు. అంటే కలుపు లెక్క రాలే, అందం కోసం మనిషే తెచ్చుకున్నడు. 1890లల్ల బెంగాల్‌కు చేరింది. తోట దాటి వాగులల్ల పడ్డంక పడవలను కదలనియ్యలే, వరి పొలాల మీదికెక్కింది. బర్మాల 1917లనే దీన్ని దగ్గర పెట్టుకోవద్దని చట్టం చేసిన్రు. బెంగాల్‌ల 1936ల వచ్చింది చట్టం. ఎవరి జాగల ఉంటే వాళ్లే తీసెయ్యాలె అని. పువ్వు వచ్చిన నలభై ఏండ్లకు! అప్పటికి చెయ్యి దాటిపోయింది.

ఇగ మన దిక్కు సంగతి. నిజాంసాగర్ 1923ల మొదలై 1931ల పూర్తయింది. ఆ నీళ్ల భరోసాతోనే 1937ల బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన్రు, శక్కర్‌నగర్ పుట్టింది. పెద్దకాల్వ, పిల్లకాల్వ, తూము, చెరువు అన్నీ గొలుసు లెక్క కలిసి ఉంటయ్. చెరుకును బతికించిన ఆ గొలుసే ఈ మొక్కకు కూడ తొవ్వ. 2015ల ఫ్యాక్టరీ మూతపడ్డది, చెరుకు తగ్గి వరి పెరిగింది. కాల్వ మీద మన ఆశ ఇంకింత పెరిగింది.

గుర్రపుడెక్క పక్కకు తీగ పంపి పిల్లలు పెడ్తది. ఎండ, బలమైన నీళ్లు దొరికితే రెండు వారాలల్ల రెట్టింపైతది. మన మడులల్లకెల్లి దిగే యూరియా నీళ్లే దానికి దాణా, ఇది ఒప్పుకోవాలె. విత్తనం బురదల పదిహేను, ఇరవై ఏండ్లు బతుకుతది. అందుకే ఎండాకాలం చెరువు ఎండినా మళ్లొస్తది. 1980లల్ల బెంగళూరు శాస్త్రవేత్తలు దక్షిణ అమెరికా జాతి ముక్కుపురుగులను తెప్పించి విడిచిన్రు. కొన్ని చెరువులల్ల బాగనే పనిచేసినయ్. మురికినీళ్లు కలిసేకాడ మాత్రం పురుగు తినేదానికంటె మొక్క పెరిగేదే ఎక్కువ.

ఇంకో మాట దాచిపెట్టొద్దు. మూడేండ్ల కింద మా బిడ్డ ఒక నర్సరీల రెండు మొక్కలు కొని వాకిట్ల సిమెంటు తొట్టిల వేసింది. తొట్టి నిండితే బకెట్ల ఎత్తి పిల్లకాల్వల పారబోసింది నేనే. చెరువుకు చేరింది అదేనా, మీదికెల్లి కొట్టుకొచ్చిందా చెప్పలేను. నా చెయ్యి అందుల లేదని కూడ అనలేను.

ఇప్పుడు మా తొట్టిల మన కలువ ఉంది. మీ ఇండ్లల్ల గుర్రపుడెక్క ఉంటే పూత రాకముందే తీసి, నీళ్లకు దూరంగ ఎండబెట్టున్రి. కరకర ఎండినంకనే ఎరువుగుంతల వెయ్యున్రి. వచ్చే ఆదివారం పొద్దుగాల మా చెరువు తూముకాడ తీసుడు మొదలుపెడ్తున్నం. తాళ్లు, కొడవళ్లు ఉన్నోళ్లు పట్టుకొని రాండ్రి.