పొడుగమ్మాయి ఆట

ఆడపిల్ల కాస్త పొడుగ్గా ఎదిగితే చాలు, మన ఇళ్ళలో అమ్మకి బెంగ పట్టుకుంటుంది. "తాటిచెట్టులా పెరుగుతోంది, దీనికి సరిజోడుని ఎక్కణ్ణుంచి తేవడం?" అని. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు లూసియా హారిస్ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. బళ్ళో పిల్లలు ఏడిపించేవారట. 1955లో పుట్టిందామె. నల్లవారి రైతు కుటుంబం. పదకొండుగురు పిల్లల్లో పదోది. రాత్రి అమ్మ పడుకోమన్నాక దుప్పటి ముసుగు వేసుకుని టీవీలో బాస్కెట్‌బాల్ చూసేది.

చేరింది డెల్టా స్టేట్ కాలేజీలో. ఆ కాలేజీకి ఒక పాత కథ ఉంది. 1932లో, ఈ ఆట ఆడపిల్లల ఒంటికి మించిన శ్రమ అంటూ అమ్మాయిల జట్టునే ఎత్తేశారు. పిల్లలు ఏడ్చి, తమ ఆట దుస్తులు తగలబెట్టేశారు. వాళ్ళలో ఒకరు మార్గరెట్ వేడ్. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత, 1973లో, జట్టుని మళ్ళీ పెట్టినప్పుడు శిక్షకురాలు ఎవరనుకున్నారు? ఆవిడే, అరవయ్యేళ్ళ వయసులో!

ఆ జట్టులో నల్లమ్మాయి లూసియా ఒక్కతే. 1975, 76, 77 - వరసగా మూడేళ్ళు జాతీయ విజేతలు వాళ్ళే. కాలేజీ ఆటల్లో లూసియా పాయింట్లు మొత్తం 2,981. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ మొదలైంది 1976లో, మాంట్రియల్‌లో. అక్కడ పడ్డ మొట్టమొదటి బుట్ట ఈమెదే. అమెరికా జట్టుకి వెండి పతకం వచ్చింది.

1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే మగవాళ్ళ జట్టు ఆటగాళ్ళ ఎంపికలో ఈమె పేరు పిలిచింది. ఏడో విడతలో, 137వ పేరు. లూసియా వద్దంది. మగవాళ్ళతో సమంగా నెగ్గుకురాలేననుకుంది. పైగా అప్పటికి పెళ్ళయి, కడుపుతో ఉంది. అయ్యో, ఎంత అవకాశం వదులుకుందీ అనిపిస్తుంది కదూ? నాకు మాత్రం ఆ వద్దనడం కంటే, మరో దారి లేకపోవడమే బాధగా తోస్తుంది. కాలేజీ దాటితే అమ్మాయిలు డబ్బు తీసుకుని ఆడే లీగు అమెరికాలో ఆనాటికి ఒక్కటీ లేదు మరి. తర్వాత ఒకటి వచ్చింది. 1979-80లో అందులో హ్యూస్టన్ జట్టుకి ఒక సీజను ఆడింది. 1981లో అదీ మూతబడింది.

లూసియా బడిలో పాఠాలు చెబుతూ, పిల్లలకి ఆట నేర్పుతూ, నలుగురు బిడ్డల్ని పెంచుకుంది. 1992లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకి చోటిచ్చారు. నల్లజాతి స్త్రీలలో ఆమే మొదటిది. 2022 జనవరిలో కన్నుమూసింది. ఆమె మీద తీసిన చిన్న చిత్రానికి రెండు నెలల తర్వాత ఆస్కార్ వచ్చింది.

డబ్ల్యూఎన్‌బీఏ అనే ఆడవాళ్ళ లీగు మొదలైంది 1997లో. అప్పటికి లూసియాకి నలభై రెండేళ్ళు.